తవ్వే గేమ్‌కి ఫీడ్‌బ్యాక్: కామెంట్లకంటే ముందు సొరంగాలు చూడండి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. గేములు తయారు చేసే గోడో ఇంజిన్‌లో పాత ఆర్కేడ్ తరహాలో మట్టి తవ్వే గేమ్ ఒకటి చేశారు. 320×180 స్క్రీన్, 16 పిక్సెళ్ల టైల్స్ (గడులు), పడే బండలు, మూడు రకాల శత్రువులు, మీరే కూర్చుని గీసిన పది లెవెల్స్. ఉచిత డెమో పెడితే కామెంట్లు వచ్చాయి. ఒకరు మరీ కష్టంగా ఉందన్నారు. ఇంకొకరు మూడో లెవెల్‌కే బోర్ కొట్టిందన్నారు. ఇద్దరు ముగ్గురు కంట్రోల్స్ అతుక్కుంటున్నాయన్నారు. మిగతావాళ్లు 'సూపర్' అని రాసి వెళ్ళిపోయారు. ఇప్పుడు ఎవరి మాట వినాలి, లెవెల్స్‌ని ర్యాండమ్ చేస్తే, అంటే ఆడిన ప్రతిసారీ కంప్యూటరే కొత్త మ్యాప్ వేసేలా చేస్తే బోర్ తగ్గుతుందా, తర్వాతి బిల్డ్‌కి (గేమ్ కొత్త కూర్పుకి) ప్లేయర్లను ఏం అడగాలి అన్నది మీ సందేహం.

ర్యాండమ్ లెవెల్స్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి. 'కష్టం', 'బోర్' అన్న రెండు కామెంట్లూ ఒకదానికొకటి ఎదురు తిరిగినట్టు కనిపిస్తాయి గానీ, తవ్వే గేముల్లో చాలాసార్లు ఆ రెండూ ఒకే లోపం నుంచి పుడతాయి. ఆ లోపం కామెంట్లలో కనపడదు, ప్లేయర్ తవ్విన సొరంగాల్లో కనిపిస్తుంది. మీ తరహా గేమ్‌కి ఉన్న పెద్ద సౌకర్యం ఇదే. ప్రతి ప్లేయరూ తను ఎటు వెళ్దామనుకున్నాడో, ఎక్కడ భయపడ్డాడో, ఎక్కడ ఆగిపోయాడో మట్టిలో గీసి మరీ వెళ్తాడు. షూటింగ్ గేమ్‌లోనో పరుగు గేమ్‌లోనో ఇలాంటి ఆనవాలు మిగలదు. దాన్ని ఎలా పట్టుకోవాలో కింద చెప్తాను. ముందు గేమ్ సంగతి.

ప్లేయర్‌ని కదిలించేది ఏది?

తవ్వే గేమ్‌లో మట్టి గోడ కూడా, దారి కూడా. తవ్వనంతసేపు అది ప్లేయర్‌ని కాపాడుతుంది. తవ్వగానే శత్రువుకి దారి అవుతుంది. ఇక్కడే ఒక చిక్కు ఉంది. తెలివైన ప్లేయర్‌కి కాసేపట్లోనే అర్థమైపోతుంది: ఎవరి సొరంగంలోకీ కలవకుండా ఒక మూల చిన్న గుంత తవ్వుకుని కూర్చుంటే తన దగ్గరికి ఎవరూ రారు. అలా కూర్చోనిచ్చే గేమ్ తప్పకుండా బోర్ కొడుతుంది. కొత్త ప్లేయర్‌కి ఈ కిటుకు తెలియదు. కనిపించిన ప్రతి సొరంగాన్నీ కలుపుకుంటూ పోతాడు, శత్రువులందరూ ఒకేసారి మీద పడతారు. అతనికి అదే గేమ్ కష్టం. మీకు వచ్చిన రెండు కామెంట్లనూ ఇలా పక్కపక్కన పెట్టి చూడండి.

పాత గేములు ఈ చిక్కును ఎలా విప్పాయో చూస్తే మీకు దారి దొరుకుతుంది. 1982లో వచ్చిన నామ్కో వారి డిగ్ డగ్‌లో శత్రువులు కొంతసేపటికి దయ్యాల్లా మారి, రెండు కళ్లు మాత్రమే కనిపిస్తూ, మట్టిలోంచి నేరుగా ప్లేయర్ మీదికి వస్తారు. అంటే మట్టి గోడే గానీ శాశ్వతమైన గోడ కాదు. ఆ కళ్లు మెల్లగా కదులుతాయి కాబట్టి తప్పించుకునే వ్యవధి కూడా ఉంటుంది. అదే ఏడాది యూనివర్సల్ సంస్థ తెచ్చిన మిస్టర్ డూలో ఇంకో పద్ధతి పెట్టారు. చెర్రీలన్నీ ఏరినా, శత్రువులందర్నీ చంపినా లెవెల్ అయిపోతుంది. కూర్చునే ప్లేయర్‌ని చెర్రీలు బయటికి లాగుతాయి. 1984 నాటి బౌల్డర్ డ్యాష్‌లో టైమర్‌తో పాటు ఇన్ని వజ్రాలు ఏరితేనే తలుపు తెరుచుకుంటుందన్న షరతు ఉంది. 1999లో నామ్కోయే తెచ్చిన మిస్టర్ డ్రిల్లర్‌లో గాలి అయిపోతూ ఉంటుంది, కిందికి తవ్వుకుంటూ పోకపోతే ఊపిరాడదు.

ఈ నాలుగింటిలో ఏది వాడతారన్నది మీ ఇష్టం, కానీ ఒకటైనా ఉండి తీరాలి. నా ఓటు డిగ్ డగ్ పద్ధతికే. టైమర్ బయటినుంచి వచ్చే ఒత్తిడి, దాన్ని ప్లేయర్లు తిట్టుకుంటారు. మట్టిలోంచి వచ్చే కళ్లు గేమ్ లోపలి ఒత్తిడి, వాటిని చూసి పరుగెత్తుతారు. అయితే ఒక జాగ్రత్త. దయ్యంగా మారబోయే ముందు శత్రువు కనీసం అర సెకను వణకడమో రంగు మారడమో చెయ్యాలి. ఆ సూచన లేకుండా పెడితే 'బోర్' అన్నవాళ్లు ఊరుకుంటారు గానీ 'కష్టం' అన్నవాళ్లు రెట్టింపవుతారు.

స్కోర్ కూడా ఈ పని చెయ్యగలదు. డిగ్ డగ్‌లో మట్టి నాలుగు పొరలు. పూకా అనే శత్రువుని పై పొరలో పంపుతో గాలి కొట్టి పేలిస్తే 200 పాయింట్లు, అట్టడుగు పొరలో అయితే 500. నిప్పు ఊదే ఫైగార్‌ని అడ్డంగా, అంటే దాని నిప్పుకి ఎదురుగా నిలబడి పేలిస్తే రెట్టింపు. బండ కింద ఒక్కరు నలిగితే 1,000, ఇద్దరు ఒకేసారి నలిగితే 2,500, ముగ్గురైతే 4,000. ఏ పని ప్రమాదమో ఆ పనికే ఎక్కువ పాయింట్లు. రెండు బండలు పడేశాక స్క్రీన్ మధ్యలో ఒక కూరగాయ బోనస్‌గా వస్తుంది, అది బండల దగ్గరికి వెళ్ళమని చెప్పే ఆహ్వానం. మీ డెమోలో ప్రతి శత్రువుకీ ఒకే 100 పాయింట్లని రాశారు. దాన్ని మార్చడానికి ఒక సాయంత్రం చాలు, ఫలితం మాత్రం పెద్దది.

కంట్రోల్స్ అతుక్కోవడం

ఈ కామెంట్‌ని అన్నిటికంటే ముందు పట్టించుకోండి. కంట్రోల్స్ బాగోకపోతే ఆ తర్వాత వచ్చే ఏ ఫీడ్‌బ్యాకూ నమ్మదగ్గది కాదు. కష్టం అన్నవాళ్లలో సగం మందికి కష్టమైంది మలుపు తిరగడమే కావచ్చు.

కారణం దాదాపుగా ఇదై ఉంటుంది. మీ క్యారెక్టర్ ఫ్రేమ్‌కి (స్క్రీన్ మీద బొమ్మ ఒక్కసారి మారే వ్యవధికి) 2 పిక్సెళ్లు కదులుతున్నాడనుకోండి. 16 పిక్సెళ్ల టైల్ దాటడానికి 8 ఫ్రేములు పడుతుంది. టైల్ మధ్యలో సరిగ్గా నిలిచేది ఆ ఎనిమిదిలో ఒక్క ఫ్రేమ్. మీ కోడ్ ఆ ఒక్క ఫ్రేమ్‌లోనే మలుపు ఒప్పుకుంటే మిగతా ఏడు ఫ్రేముల్లో నొక్కి వదిలేసిన బటన్ గాలికి పోయినట్టే. ప్లేయర్‌కి అది 'నేను నొక్కాను, వీడు తిరగలేదు' అని అనిపిస్తుంది. దీనికి మందు పాతదే. చివరిగా నొక్కిన దిక్కుని 8 ఫ్రేముల దాకా గుర్తుపెట్టుకుని, టైల్ మధ్యకి రాగానే అమలు చెయ్యండి. మూడు నాలుగు పిక్సెళ్లు దాటిపోయాక నొక్కినా వెనక్కి లాగి తిప్పేయండి. 1980 నాటి ప్యాక్‌మ్యాన్‌లోనే మలుపుకి కొన్ని పిక్సెళ్ల ముందే తిరగడానికి వీలుంది. అందులో ఆరితేరిన వాళ్లు దయ్యాలకంటే ముందుకి జారుకునేది ఆ మలుపుల దగ్గరే.

ప్యాక్‌మ్యాన్‌లో మలుపు తప్పితే కాస్త వెనకబడతారు, అంతే. మీ గేమ్‌లో మలుపు తప్పితే తవ్వకూడని టైల్ ఒకటి తవ్వేస్తారు. ఆ మట్టి మళ్ళీ రాదు. పైన బండ ఉంటే అది కదిలిపోతుంది. ఒక్క ఫ్రేమ్ తేడాతో లెవెల్ మొత్తం పాడవుతుంది. అందుకే తవ్వే గేమ్‌లో నడకకీ తవ్వకానికీ ఒకే నియమం పెట్టకూడదని నా అభిప్రాయం. తవ్వేసిన సొరంగంలో ఉదారంగా తిప్పండి. కొత్త మట్టిలోకి వెళ్ళేటప్పుడు మాత్రం బటన్ రెండు మూడు ఫ్రేములు నొక్కి ఉంచితేనే తవ్వండి. పొరపాటున తగిలిన బటన్‌కి మట్టి పోదు. తవ్వే వేగం కూడా నడక వేగం కంటే కొంచెం తక్కువ ఉంచితే, తన పాత సొరంగం ప్లేయర్‌కి ఆస్తిలా అనిపిస్తుంది. పారిపోవడానికి దాన్నే వాడుకుంటాడు.

రెండు బటన్లు ఒకేసారి నొక్కి ఉంటే చివరగా నొక్కినదే గెలవాలి. ఇంకో సంగతి, ఈ కామెంట్ పెట్టినవాళ్లు బ్రౌజర్‌లో ఆడారా, డౌన్‌లోడ్ చేసి ఆడారా అని అడగండి. బ్రౌజర్ బిల్డ్‌లో ఆలస్యం కొంచెం ఎక్కువ ఉండొచ్చు. కొన్ని కీబోర్డులు రెండు యారో కీలు, స్పేస్ కలిపి నొక్కితే మూడోదాన్ని పట్టించుకోవు. అది మీ కోడ్ తప్పు కాదు, కానీ కీలు మార్చుకునే ఆప్షన్ ఇవ్వకపోవడం మాత్రం మీ తప్పే.

బండలు

బండల మీద మీరు ఫిర్యాదులేవీ రాయలేదు, అయినా చెప్తున్నా. ఈ తరహా గేముల్లో అన్యాయంగా చచ్చిపోయామన్న భావన ఎక్కువగా వచ్చేది ఇక్కడే.

బండకి నాలుగు స్థితులు చాలు: ఆగి ఉండటం, ఊగటం, పడటం, పగలటం. ఊగే స్థితిని కుదించకండి. కళ్లతో చూసి వేలు కదిలించడానికి మనిషికి దాదాపు పావు సెకను పడుతుంది. సెకనుకి 60 ఫ్రేముల గేమ్‌లో అది 15 ఫ్రేములు. ఊగుడు 30 ఫ్రేములు ఉంటే చూసి, నిర్ణయించుకుని, పక్కకి జరగడానికి సరిపోతుంది. ప్లేయర్ సరిగ్గా కింద నిలబడి ఉన్నంతసేపు బండ పడకూడదు. డిగ్ డగ్‌లోనూ బౌల్డర్ డ్యాష్‌లోనూ అంతే, మనిషి తల బండకి ఆసరా. కదిలాకే అది పడుతుంది. అసలు మజా అంతా ఆ నియమంలోనే ఉంది. శత్రువు దగ్గరికి వచ్చేదాకా బండ కింద నిలబడి, చివరి క్షణంలో తప్పుకోవడం.

ఒకదాని మీద ఒకటి బండలు పేర్చి ఉంటే కోడ్‌లో చూసే వరుసని బట్టి గేమ్ తీరే మారిపోతుంది. గ్రిడ్‌ని పై వరుస నుంచి కిందికి చూస్తూ బండని ఒక గడి దించితే, కింది వరుసకి వెళ్ళినప్పుడు అదే బండ మళ్ళీ ఎదురవుతుంది, మళ్ళీ దిగుతుంది. ఒకే ఫ్రేమ్‌లో అడుగుకి చేరిపోతుంది. బౌల్డర్ డ్యాష్ కూడా పై నుంచి కిందికే చూస్తుంది, అయితే కదిలిన వస్తువు మీద 'ఈ ఫ్రేమ్‌లో చూసేశాం' అన్న గుర్తు వేస్తుంది. అలా చేస్తే పేర్చిన బండలు ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో ఖాళీ వదులుతూ పడతాయి. కింది వరుస నుంచి పైకి చూస్తే గుర్తు అక్కర్లేదు, దొంతర మొత్తం ఒక్కసారిగా దిగుతుంది. రెండూ సరైనవే. విడివిడిగా పడితే మధ్యలోంచి దూరిపోయే సాహసం దొరుకుతుంది, కలిసి పడితే బరువు తెలుస్తుంది. ఏదో ఒకటి ఎంచుకుని అన్ని లెవెల్స్‌లోనూ దానికే కట్టుబడండి.

రెట్రో రూపం గురించి రెండు ముక్కలు. 320×180ని 6 రెట్లు చేస్తే 1920×1080 సరిగ్గా నిండుతుంది. 1366×768 ల్యాప్‌టాప్‌లో మాత్రం 4 రెట్లు, అంటే 1280×720 చేసి చుట్టూ నల్ల అంచు వదిలేయండి. సాగదీస్తే కొన్ని పిక్సెళ్లు లావుగా, కొన్ని సన్నగా అయి సొరంగం అంచులు మిలమిలలాడతాయి. పేలుడు మెరుపులు సెకనుకి మూడు దాటకూడదు, అది ఆరోగ్యానికి సంబంధించిన విషయం. శత్రువుల రకాలను ఎరుపు, ఆకుపచ్చ రంగులతో మాత్రమే వేరు చెయ్యకండి, ఆకారంతో కూడా చెయ్యండి. వర్ణాంధత్వం ఉన్న మగవాళ్లు మీరనుకునేదానికంటే ఎక్కువమందే ఉన్నారు. ధ్వని విషయంలో డిగ్ డగ్‌లో ఒక చక్కటి ఆలోచన ఉంది. ప్లేయర్ కదిలినంతసేపే సంగీతం వస్తుంది, ఆగితే ఆగిపోతుంది. ఒక మూల కూర్చున్నవాడికి ఆ నిశ్శబ్దమే ఇబ్బంది. మీకు మొదట్లో చెప్పిన చిక్కుకి ఇదొక చిట్కా వైద్యం.

ఇక ఫీడ్‌బ్యాక్

సొరంగాల సంగతికి వస్తాను. మీ స్క్రీన్‌లో పైన 20 పిక్సెళ్లు స్కోర్‌కి పోతే మిగిలింది 20 అడ్డం, 10 నిలువు గడులు. మొత్తం 200. ఒక్కో గడికి తవ్వాడా లేదా అన్న ఒక బిట్ చాలు. అంటే ఒక లెవెల్ తవ్వకం మొత్తం 25 బైట్లలో పడుతుంది. ప్లేయర్ చచ్చిపోయిన ప్రతిసారీ, లెవెల్ ముగిసిన ప్రతిసారీ ఈ 25 బైట్లు, చచ్చిన గడి, చంపినది ఏది, ఎన్ని సెకన్లు అయింది, బిల్డ్ నంబర్ ఎంత అన్నవి ఒక వరుసగా దాచండి. తర్వాత ఆ బొమ్మలన్నీ ఒక పేజీలో పక్కపక్కన పేర్చి చూడండి.

ఏం కనిపిస్తుంది? ఒక లెవెల్‌లో అందరూ ఒకే దారి తవ్వి ఉంటే ఆ లెవెల్‌లో ఎంచుకోవడానికి ఏమీ లేదన్నమాట. మూలలో చిన్న గుంత, సెకన్లు మాత్రం బోలెడు ఉంటే, అదే దాక్కునే ప్లేయర్ గుర్తు. బండల చుట్టుపక్కల మట్టి ఎవరూ ముట్టుకోకపోతే బండ ఆయుధమని వాళ్లకి తెలియలేదు, ముప్పు అనుకుని దూరంగా తిరుగుతున్నారు. నిలువుగా కిందికి ఒక్క బావి తవ్వి, అందులోనే చచ్చిపోయి ఉంటే, పైనుంచి వచ్చిన శత్రువుని తప్పించుకునే దారి లేదని అర్థం. చిన్న చిన్న మొండి కొమ్మలు, అంటే ఒక్క గడి తవ్వి వెనక్కి వచ్చిన ఆనవాళ్లు ఎక్కువగా కనిపిస్తే అది పైన చెప్పిన మలుపు సమస్యే. 'కంట్రోల్స్ అతుక్కుంటున్నాయి' అని ఎవరూ రాయకపోయినా ఆ మొండి కొమ్మలే మీకు చెప్పేస్తాయి. సరిచేశాక వచ్చే బిల్డ్‌లో అవి తగ్గాయో లేదో కూడా అవే చెప్తాయి.

దీనికంటే ఒక అడుగు ముందుకి వెళ్ళాలంటే బటన్లను రికార్డ్ చెయ్యండి. ఫ్రేమ్‌కి ఒక బైట్ చొప్పున సెకనుకి 60 బైట్లు, ఐదు నిమిషాల ఆట 18,000 బైట్లు. వీడియో అక్కర్లేదు. ర్యాండమ్ సీడ్ (ర్యాండమ్ అంకెల వరుస ఏ సంఖ్య నుంచి మొదలవుతుందో అది), ఈ బటన్ల ఫైల్ ఉంటే అదే ఆట మీ కంప్యూటర్‌లో అక్షరం పొల్లుపోకుండా మళ్ళీ నడుస్తుంది. 'ఎక్కడో బండ గోడలోకి దూరింది' లాంటి బగ్ రిపోర్టుకి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు. అయితే గేమ్ లాజిక్ మొత్తం గోడోలో సెకనుకి స్థిరంగా 60 సార్లు (టిక్కులు) నడిచే ఫిజిక్స్ ప్రాసెస్‌లోనే నడవాలి, స్థానాలు పూర్ణాంకాల్లో ఉండాలి. గేమ్‌కి వాడే ర్యాండమ్ జనరేటర్ వేరు, దుమ్ము రేణువుల లాంటి అలంకారానికి వాడేది వేరుగా పెట్టుకోవాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా రీప్లే కాసేపట్లో దారి తప్పుతుంది. గేమ్ సగంలో ఉన్నప్పుడే ఇది పెట్టుకోవడం తేలిక, అయిపోయాక కష్టం.

ఇవన్నీ సేకరిస్తున్నామని మొదటి స్క్రీన్‌లోనే ఒక వాక్యంలో చెప్పి, ఒప్పుకున్నవాళ్ల దగ్గరే తీసుకోండి. పేరు, మెయిల్ ఏమీ అక్కర్లేదు.

అంకెలు ఎన్ని వచ్చినా, పక్కన కూర్చుని చూడటానికి సాటి రాదు. గేమ్ ఎన్నడూ చూడనివాళ్లని కూర్చోబెట్టి, మీరు నోరు మూసుకుని చూడండి. ఇది వినడానికి తేలిక, చెయ్యడానికి నరకం. ప్లేయర్ బండ కిందే నిలబడి పైకి చూడకుండా ఉంటే 'పైన చూడండి' అనాలని ప్రాణం కొట్టుకుంటుంది. అనకండి. డెమో డౌన్‌లోడ్ చేసుకున్నవాడి పక్కన మీరు ఉండరు. అతని పెదవులు, వేళ్లు, ఎప్పుడు వెనక్కి వాలాడు, ఎప్పుడు ముందుకి వంగాడు అన్నవి నోట్ చేసుకోండి. చచ్చిపోయినప్పుడు నవ్వితే ఫర్వాలేదు. చచ్చిపోయినప్పుడు స్క్రీన్ మీద కారణం వెతుక్కుంటే అది మీ పని.

ఎంతమంది కావాలని మీరు అడగలేదు గానీ అందరూ అడిగేదే. వాడుక సౌలభ్యం మీద పనిచేసే నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాసిన ఒక వ్యాసం వల్ల ఐదుగురు చాలన్న మాట ప్రచారంలోకి వచ్చింది. అతని లెక్క ప్రకారం ఐదుగురితో దాదాపు 85 శాతం వాడుక సమస్యలు బయటపడతాయి. మెనూ అర్థం కాలేదు, బటన్ దొరకలేదు, బండ ఏం చేస్తుందో తెలియలేదు లాంటివాటికి ఆ లెక్క బాగానే పనిచేస్తుంది. 'నాలుగో లెవెల్ కష్టమా?' అన్న ప్రశ్నకి మాత్రం పనిచెయ్యదు, దానికి సొరంగాల బొమ్మలు చాలా కావాలి. ఇంకా మంచి పద్ధతి, మైక్రోసాఫ్ట్ గేముల టెస్టింగ్ బృందం 2002లో వివరించింది, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 గేమ్ ట్యుటోరియల్ (ఆట నేర్పే భాగం) మీద వాడింది. ఐదుగురూ అయ్యేదాకా ఆగకుండా, ఒకరి దగ్గర స్పష్టంగా కనిపించిన సమస్యను తర్వాతి మనిషి వచ్చేలోపే సరిచెయ్యడం. ఒంటరిగా గేమ్ చేసేవాళ్లకి ఇది వరం. మీటింగులు లేవు, అనుమతులు లేవు, కోడ్ మీ చేతిలోనే ఉంది.

ఒక్కటి గుర్తుంచుకోండి, ఒక మనిషి మీ గేమ్‌ని మొదటిసారి చూసేది ఒక్కసారే. తెలిసినవాళ్లందరికీ మొదటి బిల్డ్‌నే పంచేస్తే, ట్యుటోరియల్ సరిచేశాక చూపించడానికి కొత్త కళ్లు మిగలవు. కొంతమందిని అట్టిపెట్టుకోండి.

ఆట అయ్యాక అడిగే ప్రశ్నలు. 'నచ్చిందా?' అని అడగొద్దు, మొహమాటానికి నచ్చిందనే అంటారు. నేనైతే మూడే అడుగుతాను. చివరిసారి ఎందుకు చచ్చిపోయారు? బండ ఎప్పుడు పడుతుందో నాకు చెప్తారా? ఏ చోట ఆపేద్దామనిపించింది? మొదటి ప్రశ్నకి వచ్చిన జవాబుని రికార్డుతో పోల్చి చూడండి. 'నేనే తొందరపడ్డాను' అంటే కష్టం న్యాయంగా ఉన్నట్టు. శత్రువు నిప్పు ఊది చంపితే 'బండ పడింది' అన్నారంటే, చావు సరిగ్గా కనిపించడం లేదు. చంపినదాన్ని అర సెకను ఆపి చూపించడం లాంటి చిన్న మార్పు చాలు, కష్టం తగ్గించాల్సిన పనే లేదు. రెండో ప్రశ్నలో వాళ్ల నోటి నుంచి తప్పు నియమం వస్తే మీ మొదటి లెవెల్ ఆ పాఠం నేర్పలేదన్నమాట.

ప్లేయర్లు సమస్యతో పాటు పరిష్కారం కూడా రాస్తారు. 'గన్ పెట్టండి', 'ప్రాణాలు పెంచండి', 'మ్యాప్ ర్యాండమ్ చెయ్యండి'. సమస్య వరకూ వాళ్ల మాట నమ్మండి, ఎందుకంటే అది వాళ్ల అనుభవం. పరిష్కారం మాత్రం మీరు వెతకండి, గేమ్ లోపలి అమరిక తెలిసింది మీకు. గన్ కావాలన్నవాడు చెప్తున్నది బహుశా 'ఇరుక్కుపోయినప్పుడు నా చేతిలో ఏమీ లేదు' అని. డిగ్ డగ్‌లో సగం గాలి కొట్టిన శత్రువు కాసేపు కదలలేడు, అతని మీదుగా దాటి వెళ్ళిపోవచ్చు. ఇరుకులో అంత చిన్న వెసులుబాటు ఉన్నా గన్ అడగరు.

కామెంట్ పెట్టింది ఎవరన్నదీ చూడాలి. రెట్రో గేముల అభిమానులకి 1982 నాటి నియమాలన్నీ కంఠతా వచ్చు. వాళ్లకి మొదటి మూడు లెవెల్స్ బోర్ కొట్టడంలో వింత లేదు. వాళ్ల కోసం మొదటి లెవెల్స్‌ని కఠినం చేస్తే కొత్తవాళ్లు పోతారు. మొదటి మూడు లెవెల్స్ వేగంగా ముగించినవాళ్లకి కొంత బోనస్ ఇచ్చి ఆరో లెవెల్‌కి దాటించే దారి పెట్టండి, ఇద్దరికీ సరిపోతుంది. 'సూపర్' అన్నవాళ్లని కూడా వదిలెయ్యకండి. వాళ్ల రికార్డు ఉంటే ఎన్ని లెవెల్స్ ఆడాక సూపర్ అన్నారో చూడండి. ఒకటే ఆడి ఉంటే ఆ మాటకి విలువ తక్కువ.

ర్యాండమ్ సంగతి

బౌల్డర్ డ్యాష్ చేసిన పీటర్ లీపా, క్రిస్ గ్రే మెమరీ తక్కువ ఉన్న కాలంలో 40×22 గడుల గుహలని నింపడానికి ర్యాండమ్ అంకెలే వాడారు. కానీ సీడ్ స్థిరం. మట్టి, బండలు సూత్రం ప్రకారం చల్లి, ఆ మీద గోడలు, శత్రువులు, తలుపు చేత్తో పెట్టారు. ప్రతిసారీ అదే గుహ వస్తుంది, అందుకే ప్లేయర్ దాన్ని నేర్చుకోగలడు. ప్రతిసారీ మారే మ్యాప్ మీద గేమ్ నిలబెట్టడం సాధ్యమే, డెరెక్ యూ 2008లో ఉచితంగా విడుదల చేసిన గుహల గేమ్ స్పెలంకీ దానికి సాక్ష్యం. అయితే అందులో నియమాలు ముందు గట్టిగా ఉన్నాయి, మ్యాప్ వాటి మీద ఆడుకుంది. మీ నియమాల్లో దాక్కోవడానికి సందు ఉన్నంతకాలం ఎన్ని వేల మ్యాపులు పుట్టించినా ప్రతిదానిలోనూ ఒక మూల ఉంటుంది, ప్లేయర్ ఆ మూలకే పోతాడు. పైగా మ్యాప్ మారిపోతుంటే సొరంగాల బొమ్మలని ఒకదానితో ఒకటి పోల్చలేరు. ఫీడ్‌బ్యాక్ తీసుకునే దశలో అది పెద్ద నష్టం.

జామ్‌లో, అంటే కొద్ది రోజుల్లో గేమ్ చేసే పోటీలో పుట్టిన చిన్న గేమ్ పెద్దదవడం కొత్తేమీ కాదు. 2021లో లుడమ్ డేర్ 48 జామ్‌కి 'ఇంకా ఇంకా లోతుకి' అనే అర్థం వచ్చే అంశం ఇచ్చారు. దానికి చేసిన డోమ్ రొమాంటిక్ అనే గేమే 2022లో డోమ్ కీపర్‌గా వచ్చింది. అది కూడా గోడోలో చేసిందే. తవ్వడానికి కిందికి వెళ్ళాలి, పైన గోపురం మీద దాడి జరిగేలోపు తిరిగి రావాలి. ప్లేయర్‌ని కదిలించే ఆ ఒక్క లాగుడే గేమ్ అంతా, మ్యాప్ కాదు.

పేర్ల విషయంలో జాగ్రత్త. తవ్వడం, బండ పడేయడం అనే ఆలోచనలు ఎవరి సొత్తూ కావు. కానీ క్యారెక్టర్ల రూపం, పేర్లు, శబ్దాలు, స్క్రీన్ తీరు దింపేస్తే చిక్కే. 2012లో అమెరికా కోర్టు టెట్రిస్ కేసులో నియమాలు వేరు, వాటికి ఇచ్చిన రూపం వేరు అని చెప్పి, రూపాన్ని దింపినందుకు క్సియో సంస్థకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. మీ డెమోలో కళ్లద్దాలు పెట్టుకున్న ఎర్రటి గుండ్రటి శత్రువు ఉన్నాడని రాశారు, అది అచ్చం డిగ్ డగ్ పూకా రూపమే. అతన్ని మార్చెయ్యండి.

మొదట మలుపులు సరిచేసి, అదొక్కటే మారిన బిల్డ్ పెట్టండి, దానికో నంబర్ ఇచ్చి. మొండి కొమ్మలు తగ్గాయని తేలాక దయ్యం కళ్లు, ఆ తర్వాత స్కోర్ లెక్క. మూడూ ఒకేసారి పెడితే ఏది పనిచేసిందో మీకే తెలియదు. మూడో లెవెల్ సంగతి మాత్రం ఇప్పుడే చూడొచ్చు. మీరు పెట్టిన స్క్రీన్‌షాట్‌లో కుడివైపు పై మూల చుట్టూ శత్రువుల గదులు ఒక్కటీ లేవు, బండలన్నీ ఎడమవైపే ఉన్నాయి. అక్కడికి ఒక శత్రువు గదిని జరిపి, దాని పైన ఒక బండ పెట్టి చూడండి.